గొర్రెల పెద్దన్న అఫిడవిట్

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ప్రొద్దుటూరులో నేను పాఠాలు చెప్పే లా కాలేజీలో నన్ను న్యాయసహాయ కేంద్రానికి ఇన్‌చార్జిగా వేశారు. న్యాయశాస్త్రం, అంతర్జాతీయ అధ్యయనాలు కలిపిన ఐదేళ్ల డిగ్రీ అప్పటికే వచ్చింది. ఆ పిల్లలకు ఐక్యరాజ్యసమితి ఒప్పందాలన్నీ కంఠతా వచ్చు. మండలాఫీసుకు అర్జీ రాయమంటే మాత్రం చెమటలు పట్టేవి. నాలుగో ఏడాదిలో ఊళ్లకు వెళ్లి అర్జీలు రాస్తేనే మార్కులు.

అలా జమ్మలమడుగు అమ్మాయి రుక్సానాతో కొండాపురం వైపు రిజర్వాయరు ముంపువాళ్ల కాలనీకి వెళ్లాను. గొర్రెలు కాసే పెద్దన్నకు ఇంటిస్థలం రాలేదు. ఇళ్ల సర్వే రోజున తలుపుకు తాళం ఉందని, ఊళ్లో కాపురం లేడని రాసుకుపోయారు. మూడో రోజున విచారణ, అదే ఆఖరిది.

రుక్సానా అఫిడవిట్ భేషుగ్గా రాసింది. పెద్దన్నను వలస జీవిగా చూపి, వలసదారుల హక్కుల మీద రెండు ఒప్పందాలు ఉటంకించింది. నేను మురిసిపోయాను. చివర 'చదివి వినిపించాను, సరేనని ఒప్పుకున్నారు' అనే వాక్యం ఉంటుంది. బస్సుకు వేళవుతోందని, వినిపించకుండానే దాని కింద సంతకం పెట్టేశాను. ఆ అమ్మాయి మాత్రం వేలిముద్రకు ముందు కూర్చుని మొత్తం చదివింది.

పెద్దన్న నెమ్మదిగా అన్నాడు: "నేను వలస యాడ పోయినానమ్మా? ఎండాకాలం లింగాల పక్క చేన్లల్లో ఎరువుకు మంద కట్టను పోతాండా, వానలకు తిరిగొస్తాండా. మాయమ్మ ఎప్పుడూ ఊర్లోనే ఉంటాది. ఆ పొద్దు కూలికి పోతా తాళమేసింది, అంతే."

ఊరు వదిలిపోయానని ఆయన చేతనే ఒప్పించబోయాం. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, అది మాస్టారికే జరిగింది.

ఒప్పందాలు తీసేసి, ఆయన చెప్పినట్టే ఒక పేజీ రాశాం. తల్లి రేషన్ కార్డు, మంద కట్టించుకున్న రైతు వాంగ్మూలం జతచేశాం. విచారణలో అధికారి రెండుసార్లు చదివి, జాబితాలో పేరు చేర్చమన్నారు. బయటికొచ్చి మెట్ల మీద కూలబడితే పెద్దన్నే నాకు నీళ్లు తెచ్చిచ్చి, "పని అయిపాయ కదప్పా, ఇంగ ఊపిరి తీసుకో" అన్నాడు. అంత తేలికపడిన రోజు నా సర్వీసులో మరొకటి లేదు.

ఒప్పందాలు పోయాయి కదా, మార్కులూ పోతాయా అని రుక్సానా అడిగింది. చదివి వినిపించినందుకే పూర్తి మార్కులు వేశాను.

ఆ తర్వాత వినిపించకుండా ఒక్క అఫిడవిట్ కిందా సంతకం పెట్టలేదు. అంతకుముందు పెట్టినవాటిలో ఎందరు తమవి కాని మాటల కింద వేలిముద్ర వేశారో నాకు తెలియదు.