కత్తెరలో నీలి పోగులు

దయ్యాలున్నాయంటే నేనెప్పుడూ నమ్మలేదు. మా నాయన చెప్పినా నమ్మలేదు. దయ్యమే ఎదురుగా నిలబడినా, ముందు కొలతలిచ్చి పక్కన కూచోమనేవాణ్ణి. అట్లాంటి నాకే ఇది జరిగింది.

గోరంట్లలో ఇరవై ఏండ్లుగా రఫూ చేస్తాను. చినిగిన గుడ్డలో పోగుకు పోగు కలిపి, చినుగు కనపడకుండా చేసే పని. నా పనితనం ఎంతంటే, “నువ్వేమీ చేయనే లేదు” అని గిరాకీలు పోట్లాటకొచ్చేవాళ్లు.

ఒక మధ్యాహ్నం నల్లమాడ దిక్కునుంచి ఓబుళమ్మ వచ్చింది. ఆమె మొగుడు ట్రాక్టరు మీంచి జారి, వెనకున్న ఇనప మడక నాగలి మీద పడి, ఆసుపత్రిలో పోయినాడు. అతని నీలిరంగు అంగీ ఉతికి తెచ్చింది. పక్కటెముకల దగ్గర బెత్తెడు చినుగు.

“దినాలకు ఆయప్ప అంగీ ముందర పెట్టాలన్నా. చినిగిందాన్ని ఎట్ల పెట్టేది?” అనింది.

రఫూకు ముందు అంచుల్లో లేచిన పోగులు కత్తిరించడం నా అలవాటు. పిల్లి మీసాల్లాగ పీచులు పీచులుగా వేలాడేవన్నీ సాపుగా తీసేసినాను. ఊడ్చి వాకిట్లోకి కొట్టినాను. ఆ పొద్దు గాలికి అవి కర్ణాటక దాటి సముద్రంలో పడింటాయి.

నెల తిరగకముందే ఓబుళమ్మ మరిది రామాంజిని పోలీసులు పట్టుకపోయినారు. చేని గట్టు తగాదాలో అన్నను కత్తితో పొడిచినాడని ఎవరో చెప్పినారు. అంగీ ల్యాబుకు పోయింది. ఆడ నా కుట్లు విప్పి చూసినారు. చినిగిన గుడ్డకు పోగుల కొసలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, కత్తితో కోస్తే సమంగా ఉంటాయి. ఈ అంగీలో అన్నీ సమంగా ఉండాయి.

ఎస్సై నన్ను పిలిపించినాడు. “ఏమప్పా, కుట్టే ముందర కత్తెర పెట్టినావా?”

“లేదు సార్. సూదీ దారమే.”

సాక్ష్యం చెరిపినావని నన్నూ లోపలేస్తారని భయం. ఊరంతటికీ కోతలు కోసే నాకు, నేను కోసిన ఆ ఒక్క కోత చెప్పడానికి నోరు రాలేదు.

మరుసటి పొద్దున కత్తెర తెరిస్తే, మధ్య మేకు దగ్గర నీలి పోగులు. పీచు కొసలు. తుడిచినాను. మర్నాడు మళ్లీ ఉన్నాయి. సాన పట్టించి, పెట్టెలో పెట్టి తాళమేసినాను. కొత్త కత్తెర కొన్నాను. దాంట్లోనూ అవే. ఆ రోజుల్లో నేను నీలి గుడ్డ ముట్టనే లేదు. గోరంతను కొండంత చేస్తానని నాకు పేరుండాది. దీంట్లో మాత్రం ఒక్క పోగు కూడా పెంచలేదు.

అయినా చెప్పలేదు. చూస్తుండగానే మూడు నెలలు గడిచిపోయినాయి. ఆ ఏడు ఒకే ఒక్క మంచి వాన పడింది. ఊరంతా శెనక్కాయ విత్తుకున్నారు. రామాంజి చేను మాత్రం బీడుగానే ఉండిపోయిందని విన్నాను. ఆ పొద్దు వచ్చిన పోగులు తుడవకుండా, కాగితంలో చుట్టుకుని స్టేషనుకు పోయినాను.

“అబద్ధం చెప్పినా సార్.”

ఎస్సై తిట్టిన తిట్లకు అరువుకు ఇంకో రెండు చెవులు తెచ్చుకోవాల్సింది.

ల్యాబులో చూసినారు. అవి ఆ అంగీ పోగులే. కొసలు చినిగినవే. వాటి మీద మడక తుప్పు కూడా ఉండాది. రామాంజిని వదిలినారు.

ల్యాబు మేడం అడిగింది, “ఇన్నాళ్లూ వీటిని యాడ దాచినావు?”

“కత్తెరలో,” అన్నాను. రాసుకుంది.

కొన్నాళ్లకు రామాంజి నా అంగడికి వచ్చినాడు. మోచేతి దగ్గర చినిగిన అంగీ బల్ల మీద పెట్టినాడు. తిడతాడనుకున్నా. తిట్టలేదు.

“కుట్టన్నా. కొసలు మాత్రం కత్తిరించొద్దు,” అన్నాడు.

తలెత్తి చూడలేకపోయినాను.

నా చేత్తో వాకిట్లోకి ఊడ్చిన పోగులు మళ్లీ ఎట్లా వచ్చినాయో నాకు ఈనాటికీ తెలీదు. ఇప్పుడు రావడం లేదు. అయినా రోజూ పొద్దున కత్తెర తెరిచి మేకు దగ్గర చూస్తాను. ఏమీ ఉండదు. తుడుస్తాను.