అర్థం చివర చెప్తా

నందిగామ బజారులో పరుపుల కొట్ల ముందు నడుస్తుంటే ఇప్పుడు రబ్బరు వాసన తప్ప మరేమీ రాదు. మొన్న మాత్రం జగ్గయ్యపేట వైపు వెళ్లే పత్తి లారీ ఒకటి రోడ్డు పక్కన ఆగి ఉంటే, ఎండకి వేడెక్కిన పత్తి వాసన ముక్కుకి తగిలి అక్కడే నిలబడిపోయాను.

మేం దూదేకులవాళ్లం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, నమాజు చదివేది అరబ్బీ. చదివేదానికి అర్థం మా ఇంట్లో తాతయ్య ఒక్కడికే తెలుసు. చిన్నతనంలో ఎక్కడో మదరసాలో కొన్నేళ్లు చదివి, తర్వాత పరుపులు కుట్టే పనిలో పడ్డాడు. చలికాలం మధ్యాహ్నాలు, దూది ఏకే విల్లు పక్కన పెట్టి, జుట్టునిండా, కనుబొమలనిండా దూది అంటుకుని ఉండగానే, నన్నూ నానమ్మనీ చాప మీద కూర్చోబెట్టుకుని పాఠం చెప్పేవాడు. నేను రంజాన్‌కి మిగిలిన సేమ్యా వేయించుకుని నములుతూ వినేదాన్ని.

ఆయన పద్ధతి ఆయనది. వాక్యంలో ఎన్ని మాటలుంటే అన్ని దూది పింజలు చాప మీద పెట్టేవాడు. ఇది పని, ఇది చేసినవాడు, ఇది ఎవరికి జరిగిందో వాడు, ఈ మాట చివర ఈ గుర్తు ఎందుకొచ్చింది, ఏ మాట దేన్ని పట్టుకుని ఉంది, అన్నీ తేలేదాకా అర్థం చెప్పేవాడు కాదు. చిక్కు తీయని దూదితో పరుపు కుడితే ఒళ్లు నొప్పులే అనేవాడు. మొదటి పాఠంలో జైద్ అనేవాడు అమ్ర్ అనేవాణ్ణి కొడతాడు. అరబ్బీ నేర్చుకునేవాళ్లందరికీ అదే మొదటి వాక్యమట. నానమ్మ మాత్రం ఊరుకునేది కాదు. ఆ అమ్ర్ ఏం చేశాడని రోజూ తన్నులు తింటున్నాడని అడిగేది. తాతయ్య నవ్వాపుకోలేక దగ్గేవాడు.

నిజానికి నానమ్మకి కావలసింది జైదూ కాదు, అమ్రూ కాదు. నమాజులో నుదురు నేలకి ఆనించే రెండు సజ్దాల మధ్య కూర్చుని ఊహ తెలిసినప్పటి నుంచీ చదువుతున్న ఒక చిన్న వాక్యం ఉంది. అదేమిటో తెలుసుకుని పోవాలని ఆవిడ కోరిక. చివరికి ఒక శీతాకాలం ఆ వాక్యం మొదలుపెట్టారు. రెండు పింజల సంగతి తేలింది. ముందు అర్థం చెప్పకూడదా అని ఆవిడ బతిమాలితే, "కంగారెందుకే, చివర చెప్తాగా," అన్నాడు తాతయ్య.

ఆ వారంలోనే ఆయనకి పక్షవాతం వచ్చింది. విజయవాడ ఆసుపత్రి నుంచి నోరు వంకరపోయి, మాట పోయి, మంచం మీద ఇంటికొచ్చాడు. చూడడానికి వచ్చిన మసీదు ఇమామ్ గారు సంగతి విని, ఆ వాక్యం అర్థం తాను చెప్తానన్నారు.

"వద్దండి," అంది నానమ్మ. "ఈయన మొదలుపెట్టారు. ఈయనే చెప్పాలి."

రోజూ మధ్యాహ్నం మంచం మీద పింజలు పేర్చి ఎదురుగా కూర్చునేది. తాతయ్య ఒక పింజ తీసుకుని వేళ్ల మధ్య నలిపి, ఆవిడ ముఖంలోకి చూసి, మళ్లీ అక్కడే పెట్టేసేవాడు. కళ్లు నిండిపోయేవి. నాకు అక్కడ ఉండబుద్ధయ్యేది కాదు. ఆ ఎండాకాలం రాకముందే ఆయన పోయాడు. ఆవిడ ఇంకెవరినీ అడగలేదు. అడగకుండానే మూడేళ్లకి తనూ పోయింది.

ఇప్పుడు దూది ఏకేవాళ్లు లేరు. విల్లు ఎవరు పట్టుకెళ్లారో తెలియదు. మా పిల్లలకి అరబ్బీ నేర్పే మాస్టారు ఫోన్‌లో వస్తాడు, ముందే అర్థం చెప్పేసి తర్వాత బట్టీ పట్టిస్తాడు. లారీ చూసిన రోజు ఇంటికొచ్చి నేనూ ఫోన్‌లో ఆ వాక్యం వెతికాను. క్షణంలో వచ్చింది. నా తప్పులు మన్నించు, నన్ను కనికరించు. అంతే. ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి జీవితమంతా పూటపూటా అడిగింది ఇదన్నమాట. ఏం అడుగుతుందో తెలియకుండానే అడిగి వెళ్లిపోయింది. ఇప్పుడు నాకు తెలిసింది. చెప్దామంటే ఎవరికి చెప్పను?