మిర్చి కాంటా దగ్గర డాక్టరమ్మ

ఖమ్మం మిర్చి యార్డు పక్కనుంచి ఆటో వెళ్తుంటే ఘాటు ముక్కుకెక్కి తుమ్ములొస్తాయి. తక్కినవాళ్లు కొంగులూ రుమాళ్లూ అడ్డం పెట్టుకుంటారు. నాకు మాత్రం తుమ్ముతోపాటు నవ్వొస్తుంది. ఎదురుగా కూర్చున్నామె వింతగా చూస్తుంది. ఆ ఘాటులో నాకు నర్సు పని నేర్పిన సుశీల డాక్టరమ్మ కనిపిస్తుందని ఆమెకు ఎలా చెప్పను?

ఎనభైల చివర్లో బూర్గంపాడు దాటాక, అడవి అంచున ఒక చిన్న సర్కారు దవాఖానాలో నాకు మొదటి ఉద్యోగం. ఉన్నవి నాలుగైదు మంచాలు. డాక్టరమ్మది వైరా దగ్గర వ్యవసాయ కుటుంబం. మనిషి పొట్టి, గొంతు మాత్రం వాగు అవతలికి వినిపించేది. కోపమొస్తే తిట్టేది, తిట్టిన నోటితోనే "అన్నం తిన్నవా పిల్లా?" అని అడిగేది. ఆమెకు అసలు గిట్టనిది గుండె నీరసపడే జబ్బు. కాళ్లు వాచి, ఆయాసంతో వచ్చిన మనిషి ఒక పట్టాన మంచం దిగడు. ఉన్న ఒక్క ఆక్సిజన్ సిలిండరూ అతనికే, ఏడాదికని వచ్చిన, ఒంట్లో నీరు తీసే బిళ్లల్లో సగం అతనికే. కాన్పుకొచ్చిన ఆడవాళ్లకు వరండాలో చాపే గతి. తగ్గి ఇంటికి పోయినవాడు కొన్నాళ్లకే మళ్లీ వస్తాడు, ముదిరితే ఖమ్మం పోతాడు. ఖమ్మం పోయాడంటే ఇంట్లో ఏదో ఒకటి అమ్ముడుపోయినట్టే. "ఒక్క గుండె అలిసిందంటే ఇల్లూ మంచాన పడ్తది, దవాఖానా కూడా మంచాన పడ్తది" అనేది డాక్టరమ్మ.

మా రోగుల్లో రాములుది అదే కథ. రెండెడ్లలో ఒకటి కిందటేడు ఖమ్మంలో అతని వైద్యానికి అమ్ముడుపోయింది. మిగిలినదాన్ని బావమరిది ఎద్దుతో జత కట్టి దున్నుకుంటున్నాడు. "ఇంకోపాలి ఖమ్మం పోతే ఇది గూడ పోతదమ్మా. ఇగ నేను బతికి ఏం దున్నాలె?" అన్నాడొకరోజు. ఈ జబ్బులో ఒంట్లో నీరు చేరుతుంటే ముందు బరువు పెరుగుతుంది. అప్పుడే పట్టుకుంటే బిళ్లలతో పోతుంది, ఖమ్మం అక్కర్లేదు. కానీ మా బరువు మిషన్ ఏనాడో పాడైంది, కొత్తదాని కోసం ఎన్నిసార్లు రాసినా జవాబు లేదు. డాక్టరమ్మ నేరుగా సంతలో మిర్చి బస్తాలు తూచే యాకూబ్ దగ్గరికి వెళ్లి, "వారం వారం నా మనుషుల్ని జర తూచిపెట్టు" అంది. అలా మొదలైంది. గుండె రోగులు బస్తాల మధ్య వరసలో నిలబడి, కాంటా ఎక్కి, యాకూబ్ చెప్పిన బరువు దవాఖానాకొచ్చి మాకు చెప్పేవాళ్లు. "రాములన్న కింటా ఎంత పలుకుతుండు?" అని సంతంతా వేళాకోళమాడేది. రాములు అందరికంటే గట్టిగా నవ్వేవాడు.

ఒక సంత నాడు అకాల వాన పడింది. రాములు నిలువునా తడిసి వచ్చి, "ఎప్పటిలెక్కనే ఉన్ననమ్మా, కాంటా గట్లనే చెప్పింది" అన్నాడు. మాటకు మాటకు మధ్య ఊపిరి అందడం లేదు. డాక్టరమ్మ అతని చీలమండ మీద బొటనవేలు నొక్కింది. గుంట పడింది, నీరు చేరినట్టే.

"మరి గీ గుంట ఏంది రాములన్నా?"

గొడుగు తీసుకుని, అతన్ని ఎవరిదో ఎడ్లబండిలో కూర్చోబెట్టి, నన్ను వెంటేసుకుని కాంటా దగ్గరికి బయల్దేరింది. యాకూబ్ లేచి నిలబడ్డాడు. "నేను తప్పు తూయలేదమ్మా. తడిసొచ్చిండు గదా, తేమకు రెండు కిలోలు తరుగు తీసిన. తడి మిర్చికైతే గట్లనే తీస్తం."

పొడి పంచె కట్టించి మళ్లీ తూయించింది. తడి పోయినా ఆ రెండు కిలోలూ అలాగే ఉన్నాయి. డాక్టరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, "అయ్యో యాకూబూ, నువ్వు తీసేసిన రెండు కిలోలే కదయ్యా నాకు కావాల్సింది!" అంది. ముందు ఆమే పకపకా నవ్వింది, తర్వాత సంతంతా నవ్వింది. యాకూబ్ మాత్రం సిగ్గుతో చచ్చిపోయాడు. రాములును ఆ పూటే మంచం ఎక్కించి ఇంజెక్షన్ ఇచ్చాం. నీరు దిగిపోయింది, ఖమ్మం తప్పింది. ఆ తర్వాత మా రోగి ఎవరు కాంటా ఎక్కినా యాకూబ్ బరువు చెప్పి, "తరుగు లేదు!" అని ఊరంతా వినపడేలా అరిచేవాడు.

తొలకరికి రాములు తన ఎద్దును కొమ్ములకు రంగేసి మరీ దవాఖానా ముందుకు తోలుకొచ్చాడు. "నీకు చూపిద్దామని తెచ్చిన డాక్టరమ్మా" అన్నాడు. ఆమె తన టిఫిన్ డబ్బాలోని అరటిపండు తీసి దాని నోట్లో పెట్టింది. అంత సంతోషంగా ఆమెను నేను మళ్లీ చూడలేదు.

ఆమె ఇప్పుడు లేదు. నేను ఖమ్మంలో పెద్ద దవాఖానాలో పనిచేస్తున్నాను. గుండె రోగిని ఇంటికి పంపేటప్పుడు, బిళ్లల సంగతి చెప్పేముందు, "ఇంటికాడ ఏమేం ఉన్నయ్?" అని అడుగుతాను. కొత్త నర్సులు నేను ముచ్చట్లు పెడుతున్నాననుకుంటారు. రెండు నెలల కింద ఒకామె, "రెండు బర్రెలున్నయ్ సిస్టర్" అంది. "మళ్లొచ్చేసరికి రెండూ ఉండాలె" అని చెప్పి, రోజూ బరువు చూసుకోవడం దగ్గరుండి నేర్పాను. పోయిన వారం ఆమె ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్లెక్కి వచ్చింది. నేను నోరు తెరిచేలోపే నవ్వింది.

"రెండు కాదు సిస్టర్, మూడు. పెద్దది ఈనింది."