మైలురాయికి పసుపు పూసిన రోజు

ఆ రోజుల్లో రోడ్డుకి అయ్యెవరు, అమ్మెవరు అని మా కొండల మీది ఊళ్లలో ఎవరూ పట్టించుకునేవారు కాదు. బస్సు వస్తే రోడ్డున్నట్టు, రాకపోతే లేనట్టు. నేను మాత్రం రోడ్డు ఖర్చు కేంద్రం పెట్టుకోవాలా, రాష్ట్రం పెట్టుకోవాలా అన్న చిక్కును ఇరవయ్యో ఏటనే విప్పేశానని చాలాకాలం నమ్మాను. (టీవీలో పెద్దమనుషులు ఇదే విషయం మీద గొంతులు చించుకుంటుంటే, వీళ్లు కోరాపుట్ వచ్చి నన్నడగొచ్చు కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.)

టైపు పరీక్ష పాసయ్యానన్న ఒక్క అర్హతతో కోరాపుట్ రోడ్ల ఆఫీసులో టెంపరరీ టైపిస్టుగా చేరాను. ఒకే వరండా, రెండు గదులు. ఎడమ గది జాతీయ రహదారిది. దాని ఖర్చు ఢిల్లీ భరిస్తుంది. కుడి గది రాష్ట్రం రోడ్లది. దాని ఖర్చు భువనేశ్వర్ భరిస్తుంది. మైలురాళ్ల నెత్తిన జాతీయ రహదారికి పసుపు, రాష్ట్రం రోడ్డుకి ఆకుపచ్చ వేస్తారు కాబట్టి ఆ గదుల్లోని పెద్ద ఇంజనీర్లకు పసుపు సారు, ఆకుపచ్చ సారు అని నేనే పేర్లు పెట్టుకున్నాను. కుడి గది టైపిస్టు పురిటికి వెళ్లడంతో రెండు గదులకూ నేనే దిక్కయ్యాను.

నన్ను పెంచింది పిన్ని. రాయగడ రోడ్డు జాతీయ రహదారిని కలిసే మలుపులో ఆవిడకు ఇడ్లీ పాక ఉండేది. జయపురం నుంచి రాయగడ వెళ్లే బస్సు పొద్దున్నే అక్కడ ఆగేది. ఆ బస్సే మా కుటుంబానికి అన్నం. సరిగ్గా ఆ మలుపు నోట్లోనే పెద్ద గొయ్యి పడింది. డ్రైవరు దాన్ని తప్పించుకుని, దూరంగా వేరే హోటలు దగ్గర ఆపడం మొదలుపెట్టాడు.

"ఇంకో నెల్లాళ్లు ఇలాగే ఉంటే పాక ఎత్తీడమే అమ్మీ," అంది పిన్ని, అమ్ముడుపోని ఇడ్లీలు మాకే వడ్డిస్తూ.

ఆఫీసులో ఆ గొయ్యి గురించి పొద్దున్న ఎడమ గదిలో "అది మీ హద్దులోది, మీరే పూడ్చవలెను" అని టైపు కొట్టేదాన్ని. మధ్యాహ్నం కుడి గదిలో కూర్చుని, "కాదు, మీ హద్దులోదే" అని నా ఉత్తరానికి నేనే జవాబు కొట్టేదాన్ని. సాయంత్రం ఇద్దరు సార్లూ వరండాలో ఒకే కెటిల్లోంచి టీ పోసుకుని తాగేవారు. గొయ్యి ఊసు మాత్రం ఎత్తేవారు కాదు. అది ఫైలు సంగతి కదా!

చూసి చూసి నాకు ఒళ్లు మండింది. మలుపులో ఉన్న మైలురాయికి రంగు వెలిసిపోయింది. దానికి రంగేస్తే గొయ్యి ఎవరిదో తేలిపోతుందని నా బుర్రకు తట్టింది. మరి ఏ రంగు? ఇంట్లో సలహా అడిగాను.

"డిల్లీవోడికి సొమ్ములెక్కువ. ఆడి నెత్తి మీదే ఎయ్యి," అంది పిన్ని.

"డిల్లీ దూరం కదే. ఆడొచ్చీసరికి మన పాక ఉంటాదేటి?" అన్నాడు బాబాయి. మా ఆఫీసులో రాళ్లకు రంగులేసే పెయింటరు ఆయనే. రెండు గదుల డబ్బాలూ ఆయన దగ్గరే ఉండేవి.

"బువనేస్వరం మాత్రం మన ఈది సివర ఉందేటి?" అంది పిన్ని. కేంద్రమా, రాష్ట్రమా అన్న చర్చ మా ఇంట్లో అక్కడితో ముగిసింది.

మర్నాడు పసుపు సారు సంతకానికి వెళ్లే, రంగెయ్యాల్సిన రాళ్ల జాబితాలో చివరన ఈ రాయిని కూడా చేర్చేశాను. నా మీద నమ్మకంతో (ఆయన చల్లగా ఉండాలి) సారు చదవకుండానే సంతకం పెట్టేశారు. బాబాయి రాయి నెత్తికి దిట్టంగా పసుపు పట్టించాడు. ఇక ఢిల్లీ గొయ్యి పూడుస్తుందనీ, బరువు దిగినందుకు ఆకుపచ్చ సారు లోలోపల నన్ను దీవిస్తారనీ అనుకున్నాను.

ఆకుపచ్చ సారు ఆ రాయిని చూసొచ్చి వరండా దద్దరిల్లేలా అరిచారు. పర్లాకిమిడి మనిషి, కోపమొస్తే ఇంటి భాషే వచ్చేది.

"ఎవుడేసేడ్రా ఆ పసుపు? మలుపు ఆళ్లదైపోతే మలుపులో పనసచెట్లు ఎవలివి? సెప్పండి, ఎవలివి?"

రోడ్డు ఎవరిదైతే పక్కనున్న చెట్లూ వాళ్లవే. ఏటేటా ఆ మూడు చెట్ల కాయలూ ఆకుపచ్చ సారు ఇంటికే చేరేవి. గొయ్యినైతే ఎవరికైనా ధారపోస్తారు గాని, పనసకాయని ఎవరు వదులుకుంటారు? గదిలోంచి ఆ కేక విన్న పసుపు సారుకు కూడా చెట్ల సంగతి అప్పుడే తట్టినట్టుంది. ఆ పూట ఎడమ గది నా చేత "గొయ్యి మాదే, మేమే పూడ్చెదము" అని కొట్టించింది. కుడి గది "మా గొయ్యి జోలికి రావలదు" అని కొట్టించింది. నవ్వాపుకోలేక రెండు కాగితాలు పాడుచేశాను.

మూడో రోజు తెల్లారేసరికి రెండు కంకర లారీలు, రెండు జట్ల కూలీలు మలుపులో దిగారు. ఒక జట్టు ఇటునుంచి, ఒక జట్టు అటునుంచి పందెం వేసుకున్నట్టు పోశారు. మధ్యాహ్నానికి గొయ్యి పోయి మిట్ట లేచింది. దాన్ని అణచడానికి వంతులవారీగా రోలరు తిప్పారు.

ఆ మర్నాడు బస్సు మా పాక ముందే ఆగింది. డ్రైవరు దిగి, చేతులు కడుక్కుని, ఏమీ జరగనట్టే బల్ల మీద కూర్చున్నాడు. పిన్నికి ప్లేట్లు చాలలేదు. "మా అమ్మి డిల్లీకి కాయితం కొట్టింది, రోడ్డొచ్చింది," అని ప్లేటు ప్లేటుకీ చట్నీతోపాటు వడ్డించింది. బస్సంతా తలలు తిప్పి నన్ను చూసింది. నేను గడప దగ్గర మంత్రిగారిలా నిలబడ్డాను. అంతగా నా పెళ్లిలో కూడా గర్వపడలేదు.

ఆ మలుపు ఎవరిదో ఆఫీసు తేల్చనేలేదు. పనసచెట్ల సంగతి పిన్నికి చెబుదామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. బాబాయి నావైపు చూసి కళ్లతోనే వద్దనేవాడు. రోడ్డును నేనే తెప్పించానని ఆవిడ పోయేదాకా చెప్పుకుంది. ఆవిడ చెబుతున్నంతకాలం, నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మాను.