ఎమిల్ బావ వద్దన్న కుర్రాళ్లు

ఎమిల్ హ్రోవట్‌కు ఏ క్వార్టర్‌బ్యాక్‌ను చూపించినా నోట వచ్చే మాట ఒక్కటే. "వద్దు." పెళ్లి సంబంధాలకు వంకలు పెట్టడంలో పండిపోయిన మేనత్తలు కూడా ఈ విషయంలో అతని ముందు దిగదుడుపే.

ఆ ఊరు అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డున ఉంది. ఊరికో ఫుట్‌బాల్ టీము ఉంది, బంతిని చేత్తో విసిరి ఆడే అమెరికా ఫుట్‌బాల్. అది ఓడిపోతూ ఉంటుంది. ఓడినవాళ్లకు దేవుడు ఒక ఊరట కూడా పెట్టాడు. ఏటా ఏప్రిల్లో కాలేజీల నుంచి వచ్చే కొత్త ఆటగాళ్లను టీములన్నీ వంతులవారీగా ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. కిందటేడు అందరికంటే చిత్తుగా ఓడినవాళ్లది మొదటి వంతు. కాబట్టి ఆ ఊరు మొదటి వంతుకు బాగా అలవాటుపడింది. టీమును నడిపించి, బంతి ఎవరికి అందాలో చూసి విసిరేవాడే క్వార్టర్‌బ్యాక్. సరైనవాడు ఒక్కడు దొరికితే ఊరి దరిద్రం తీరిపోతుందని మూడు తరాలుగా అక్కడివాళ్ల నమ్మకం. రెండు మూడేళ్లకొకడు వస్తాడు. విమానాశ్రయంలో మేళతాళాలతో దిగుతాడు. తర్వాత ఎప్పుడు ఎలా వెళ్లిపోతాడో ఎవరూ చూడరు.

రోజ్‌మేరీ బారులో ఈ విషయాల మీద ఆఖరి మాట ఎమిల్ బావమరిది గ్యారీ మ్లాకర్‌ది. గ్యారీ తపాలా బంట్రోతు. కుర్రాళ్ల అరచేతి వెడల్పు అంగుళాల్లో చెబుతాడు. ఎవడు ఎంతసేపట్లో నలభై గజాలు పరిగెత్తాడో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అతని వీధుల్లో క్రీడా పత్రికలు తెప్పించుకునేవాళ్లకు అవి ఎప్పుడూ ఒకరోజు ఆలస్యంగా, కాస్త నలిగి, అక్కడక్కడ ఆవ సాస్ మరకలతో అందేవి.

గ్యారీ లెక్కలన్నీ చెప్పి గుక్క తిప్పుకునేలోపు ఎమిల్ అందుకునేవాడు.

"వాడు వద్దురా."

"ఎందుకు వద్దు బావా?"

"నవ్వెక్కువ. ఈ ఊళ్లో అంత నవ్వడానికి ఏముంది?"

మరో ఏడు ఇంకొకడు. "వాడికి కుక్క ఉంది. కుక్క ఉన్నవాడికి మనసంతా ఇంటి మీదే ఉంటుంది." ఇంకోసారి, "పేరు మరీ పొడుగు. ఓడినప్పుడు తిట్టడానికి నోరు తిరగదు." ఒకసారైతే టీవీలో కుర్రాడి వంక కూడా చూడలేదు. వెనక కూర్చున్న తల్లిని చూసి తల అడ్డంగా ఊపాడు. "ఆవిణ్ణి చూడు, ఎంత మురిసిపోతోందో. కొత్త గౌను కూడా కుట్టించుకున్నట్టుంది. వద్దు."

"గౌనుకీ బంతికీ సంబంధం ఏమిటి?"

"నీకు తెలీదులే."

ఒక కుర్రాణ్ణి బాతులా నడుస్తాడని ఎమిల్ వద్దన్నాడు. టీము నిజంగానే ఆ కుర్రాణ్ణి వదిలేసింది. వాడు వేరే ఊరు వెళ్లి ఛాంపియన్ కప్పు ఎత్తాడు. టీము యజమాని ఎమిల్‌కు ఫోన్ చేసి అడిగాకే వదిలేశాడన్నట్టు బారంతా అతని మీద విరుచుకుపడింది. బారు నడిపే రోజ్‌మేరీ ఒక వారం అతనికి సాసేజ్ పెట్టలేదు. ఎమిల్ మాత్రం కప్పుతో ఉన్న కుర్రాడి ఫొటోను చాలాసేపు చూసి, "హమ్మయ్య, వాడు బాగున్నాడు" అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడనుకుని రోజ్‌మేరీ ఆ శిక్షను మరో వారం పొడిగించింది.

గ్యారీకి అన్నిటికంటే మంట పుట్టించే సంగతి ఇంకొకటి ఉంది. ఎమిల్ వద్దన్నవాణ్ణి టీము తెచ్చుకునేది, వాడు కుప్పకూలేవాడు. అలాంటప్పుడు ఎవరైనా ఏమంటారు? నేను ముందే చెప్పాను కదా అంటారు. ఎమిల్ ఒక్కసారీ అనలేదు. పైగా అందరూ తిడుతుంటే వెనకేసుకొచ్చేవాడు. "చలిగాలిరా, పాపం. వాడేం చేస్తాడు?" అనేవాడు.

"ఏప్రిల్లో వద్దంటావు, డిసెంబర్లో పాపం అంటావు. నువ్వు ఏ పక్షం బావా?" అని గ్యారీ నిలదీసేవాడు.

ఎమిల్ గ్లాసు అంచు తుడుస్తూ, "నాకు ఆటేం తెలుసురా" అనేవాడు.

నిజమే, అతనికి ఆట తెలియదు. ఇళ్లు మారేవాళ్ల సామాను లారీలో ఎక్కించి దింపడమే అతని పని. లారీ మీద "హ్రోవట్ అండ్ సన్" అని రాసి ఉంటుంది. తండ్రి రాయించిన బోర్డు అది. ఆ సన్ ఎమిలే. అరవై దాటినా ఇంకా సన్నే. చలికాలంలో ఒక్కోసారి దూరపు బాడుగ వచ్చిందని వారం పది రోజులు కనిపించేవాడు కాదు. ఎక్కడికని అడిగితే, "దక్షిణాదికి" అని ఊరుకునేవాడు. జనం ఇళ్లల్లో చూసింది బయట చెప్పడం సామాను మోసేవాడికి తగదని తండ్రి నేర్పిన నీతి.

బ్రెన్నన్ టల్లీ వచ్చిన ఏప్రిల్లో ఆ బావాబావమరుదుల మధ్య మాట తేడా వచ్చింది. టల్లీది మిసిసిపీలో ఓ చిన్న ఊరు. గ్యారీ ఆ కుర్రాడి ఆటల వీడియోలు అరిగిపోయేలా చూశాడు. డ్రాఫ్ట్ సాయంత్రం బారులో కుర్చీ ఎక్కి నిలబడి మరీ చెప్పాడు. "రాసి పెట్టుకోండి. ఇతను పదేళ్లు ఆడతాడు. మన పిల్లల పిల్లలు ఇతని పేరు పెట్టుకుంటారు."

బారంతా చప్పట్లు కొట్టింది. చప్పట్లు ఆగాక మూల నుంచి వినిపించింది.

"వద్దురా. చెవులు చూడు, ఎంతున్నాయో. సరస్సు గాలికి తెరచాపలైపోతాయి."

వేరే ఏడైతే అందరూ నవ్వేవాళ్లు. ఆ ఏడు ఊరు మరీ అలిసిపోయి ఉంది. గ్యారీ కుర్చీ దిగాడు.

"నోరు మూసుకో బావా. ఈ ఊరు బాగుపడటం నీకు ఇష్టం లేదు. అసలు నీకు ఆనందం అంటేనే గిట్టదు."

ఎమిల్ సాసేజ్ సగం తిని పళ్లెం పక్కకు నెట్టి, టోపీ పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత బారుకు రావడం మానలేదు గానీ బల్ల ఆ చివర కూర్చునేవాడు. పలకరిస్తే పలికేవాడు. మరుసటి ఏప్రిల్లో టీవీ చూస్తూ ఎవరినీ వద్దనలేదు. ఆ సాయంత్రం బారు చప్పగా గడిచింది. ఎందుకు చప్పగా ఉందో అందరికీ తెలుసు, నోరు విప్పి అన్నవాడు లేడు. గ్యారీకి రెండు మూడుసార్లు నోటిదాకా వచ్చింది. బావను బతిమాలడమేమిటని మింగేశాడు.

టల్లీ మొదటి ఏడు తడబడ్డాడు. రెండో ఏడు కింద పడ్డాడు. అతన్ని కాయాల్సినవాళ్లు కాయలేదు. పట్టాల్సినవాళ్లు పట్టలేదు. డిసెంబరు ఆదివారం ఒకనాడు, మంచు కురుస్తుండగా, వరసగా మూడు బంతులు అవతలివాళ్ల చేతుల్లోకి విసిరాడు. స్టేడియం మొత్తం లేచి ఛీకొట్టింది. అందరికంటే ముందు లేచినవాడు గ్యారీ. పదేళ్లు ఆడతాడని కుర్చీ ఎక్కి చెప్పిన మనిషి, మోసపోయినవాడి కసితో గొంతు చిరిగేలా అరిచాడు. మంగళవారం టీము టల్లీని తీసేసింది.

గురువారం గ్యారీకి సెలవు. పొద్దున్నే అక్క ఫ్రాన్ ఫోన్ చేసింది.

"మీ బావకు నడుం పట్టేసిందిరా. పనివాడికి జ్వరం. ఇవాళే ఎక్కించాల్సిన సామాను ఉందట. నువ్వొస్తావా, నేను వెళ్లి మొయ్యనా?"

"వస్తున్నాలేవే" అన్నాడు గ్యారీ. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

లారీలో ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఇద్దరి మధ్య సీటు మీద గుడ్డలో చుట్టిన పొట్లం ఉంది. ఫ్రాన్ చేసిన వాల్‌నట్ రొట్టె. గ్యారీ చెయ్యి పెట్టబోతే ఎమిల్ మెల్లగా తీసి అవతలి వైపు పెట్టుకున్నాడు.

"ఎవరి ఇల్లు బావా?"

"వెళ్తున్నాంగా."

ఊరి చివర కొత్త ఇళ్ల వరసలో లారీ ఆగింది. తలుపు తీసిన కుర్రాణ్ణి చూసి గ్యారీ కాళ్లు మంచులో దిగబడినట్టు నిలిచిపోయాయి. టీవీలో కంటే పొడుగ్గా ఉన్నాడు. టీవీలో కంటే చిన్నవాడిలా ఉన్నాడు. కాళ్లకు మేజోళ్లు, భుజం మీద గిన్నెలు తుడిచే గుడ్డ. చెవుల గురించి మాత్రం ఎమిల్ అబద్ధం చెప్పలేదు.

"రండి సార్. చలిగా ఉంది, లోపలికి రండి" అన్నాడు బ్రెన్నన్ టల్లీ.

లోపల అతని తల్లి నేల మీద కూర్చుని పింగాణీ పళ్లేలను పాత పేపర్లలో చుడుతోంది. ప్రతి పేపరూ ఆటల పేజీయే. ప్రతి పేజీలో కొడుకు బొమ్మ, పైన లావు అక్షరాల్లో ఓ తిట్టు. ఆవిడ ఒకదాన్ని నలిపి కప్పులో కుక్కుతూ, "రెండేళ్ల నుంచి దాచాను. ఇప్పటికి ఓ పనికొచ్చాయి" అంది.

ఎమిల్ బూట్లు గుమ్మంలోనే విప్పి, రొట్టె ఆవిడ చేతికి ఇచ్చాడు. "మా ఆవిడ పంపిందమ్మా. దారిలో తినండి, మెత్తగానే ఉంటుంది." తర్వాత నడుం మీద చెయ్యి వేసుకుని గదులన్నీ తిరిగి చూశాడు. ఏ గదిలో ఏముంటుందో ముందే తెలిసినవాడిలా.

మంచం విప్పుతుండగా గ్యారీ గొంతు తగ్గించి అడిగాడు. తగ్గించడానికి పెద్దగా గొంతు లేదు కూడా.

"బావా, ఇంతకుముందు వాళ్లను కూడా..."

"అందరి సామానూ నేనే ఎక్కించాను. నవ్వెక్కువ అన్నానే, వాడు ఉయ్యాల తొట్టి తనే విప్పాడు. మరలు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. పొడుగు పేరువాడి పెళ్లాం ఆ ముందు నెలే పెరట్లో పూల దుంపలు నాటింది. పూసినప్పుడు ఫొటో తీసి పంపమని నన్ను అడిగింది."

"పంపావా?"

"పూశాక పంపకుండా ఎలా ఉంటానురా? సరిగ్గా డ్రాఫ్ట్ రోజుల్లోనే పూశాయి."

గ్యారీ చేతిలో మర కింద పడింది. వెతుక్కోవడానికి వంగి, కావాల్సిన దానికంటే కాస్త ఎక్కువసేపు మంచం కిందే ఉన్నాడు.

"ఇదంతా మాకు చెప్పొచ్చుగా."

"వాళ్ల ఇంటి సంగతులు బారులో చెప్పుకోనా? అందుకే ఏదో ఒకటి అనేవాణ్ణి. కుక్క అనీ, నడక అనీ. ఒక్కణ్ణయినా తీసుకురాకపోతే, ఒక్క లారీ తక్కువ ఎక్కిస్తానని."

"ఆ రోజు నేనన్న మాట..."

"అవతలి కాలు పట్టుకో, మంచం ఒరిగిపోతోంది" అన్నాడు ఎమిల్.

మధ్యాహ్నానికి ఇల్లు దాదాపు ఖాళీ అయింది. వంటింటి గట్టు దగ్గర నిలబడి నలుగురూ కాఫీ తాగారు. బ్రెన్నన్ గ్యారీ వైపు చూశాడు.

"గొంతుకేమైంది సార్?"

"జలుబు."

"తేనె వేసుకోండి. అమ్మా, తేనె సీసా ఏ పెట్టెలో పెట్టావు?"

ఆవిడ లేచి, టేపు వేసిన పెట్టె మళ్లీ విప్పి, సీసా తీసి గ్యారీ కప్పులో తేనె పోసింది. అంత చేదు కాఫీ తను జన్మలో తాగలేదని గ్యారీకి అనిపించింది.

కుర్రాడు గట్టు గీరుతూ తలెత్తకుండా అన్నాడు. "ఈ ఊరికి ఏదో చేద్దామనే వచ్చాను. మీరందరూ ఎంత ఆశపెట్టుకున్నారో నాకు తెలుసు."

ఎమిల్ కప్పు కింద పెట్టాడు. "నేనేం పెట్టుకోలేదు బాబూ. నేను ఆ రోజే వద్దన్నాను."

"మీరా? ఎందుకని?"

"నీ చెవులు చూసి. సరస్సు గాలికి తెరచాపలైపోతాయని చెప్పాను. ఎవడూ వినలేదు. నువ్వు ఆడలేక కాదు, నిన్ను ఈ గాలిలోకి తెచ్చినవాళ్లది తప్పు."

ముందు తల్లికి నవ్వొచ్చింది, కాఫీ పొలమారేంత. "వాళ్ల నాన్న చెవులు. ఆయన్నీ మా అమ్మ వద్దంది" అంది. బ్రెన్నన్ రెండు చేతులతో రెండు చెవులూ తడిమి చూసుకుని, తనూ నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు టీవీలో చూసింది కాదు.

నవ్వుతూనే గ్యారీ వైపు తిరిగాడు. "మీరేమన్నారు సార్, ఆ రోజు?"

గ్యారీకి ఎమిల్ కళ్లలోకి చూసే ధైర్యం లేదు. అబద్ధం ఆడే గొంతూ లేదు.

"నేను తెమ్మన్నాను. కుర్చీ ఎక్కి మరీ చెప్పాను. పదేళ్లు ఆడతావన్నాను."

"అయితే ఈ గొడవంతా మీవల్లేనన్నమాట."

"అవును బాబూ."

ఇంకా చెప్పాల్సింది ఉంది. ఆదివారం సంగతి ఉంది. గ్యారీ నోరు తెరిచాడు. కుర్రాడు అతని బొంగురు గొంతును ఒక్క క్షణం విన్నట్టుగా చూసి, చెయ్యి అడ్డం పెట్టాడు. గట్టు కింద నుంచి ఒక పెట్టెను కాలితో ముందుకు నెట్టాడు.

"మా అమ్మ ఇనప పెనాలు. ఇంట్లో ఇంతకంటే బరువైంది లేదు. ఇది మీరు మొయ్యండి, సరిపోతుంది."

గ్యారీ ఒక్కడే ఎత్తాడు. ఉత్తరాల సంచి మోసిన భుజాలే గానీ, ఆ బరువు వేరు, ఈ బరువు వేరు. గుమ్మం దాటాడు. మెట్లు దిగాడు. దారి మధ్యలో పెట్టె జారబోయేంతలో కిందనుంచి రెండు చేతులు వచ్చి పట్టుకున్నాయి.

"పట్టుకున్నాను సార్. పదండి."

"మేజోళ్లతో మంచులోకి వెళ్లావా, వెధవా" అని వెనక గుమ్మంలోంచి తల్లి కేక వేసింది. ఇద్దరూ దొంగపిల్లల్లా అడుగులు వేగం చేశారు.

లారీలో ఎమిల్ నడుం పట్టుకుని నిలబడి ఉన్నాడు. సామానంతా లోపలికి సర్ది, తలుపు పక్కన ఒక్క పెట్టెకు సరిపడా చోటు ఖాళీగా ఉంచాడు.

"ఇక్కడ పెట్టండి. దిగగానే అమ్మకు ముందు కావాల్సింది ఇవే" అన్నాడు.