టీవీ వెనక కొబ్బరికాయ

ఎప్పుడూ ఉరిమినట్టు మాట్లాడే మనిషి టీవీ వెనక్కి తల దూర్చి, అక్కడే రెండు క్షణాలు ఆగి, ఆ తర్వాత నోట మాట లేకుండా ఒక్కో అడుగే వెనక్కి వేసుకుంటూ బయటికి వచ్చాడు. ఆ క్షణంలోనే నాకు తెలిసిపోయింది, ఇవాళ్టితో నా పని ఖలాస్ అని. హాల్లో ఉన్న వందమందిలో ఇంకెవరికీ ఏమీ అర్థం కాలేదు. టీవీ వెనక ఏముందో నాకూ, చీపురు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ పెద్దక్కకూ తప్ప ఎవరికీ తెలియదు మరి.

ఆ రోజుల్లో నాకు భయపడటానికి ఇప్పుడున్నన్ని కారణాలు ఉండేవి కావు. (ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఒకరు తుమ్మితే ఇద్దరి నుదురూ పట్టి చూసే రకం నేను.) అయినా ఉన్న కారణాలతోనే సర్దుకుని, తీరిక లేకుండా భయపడేదాన్ని. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. విజయవాడలో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ చదివి, మావారి వెంట కువైట్ వచ్చి, హవల్లీలో ఒక ఫ్లాట్‌లో కూర్చుని కిటికీలోంచి ఎదురింటి ఏసీలు లెక్కపెడుతుంటే, ఎడారిలోని ఒక విదేశీ సైనిక స్థావరంలో ఉద్యోగం ఉందని ఒక కాంట్రాక్టు కంపెనీ పిలిచింది. ఇంజనీరు కావాలన్నారు కదా, రాడార్లు బాగుచేయిస్తారేమో అనుకున్నాను. తీరా వెళ్తే, సైనికుల వినోదపు హాల్లో కౌంటర్ దగ్గర కూర్చుని, గుర్తింపు కార్డు తీసుకుని రిమోట్ ఇవ్వడం, రిమోట్ తీసుకుని కార్డు తిరిగి ఇవ్వడం. మా అమ్మకు ఫోన్‌లో "కంట్రోల్ విభాగం" అని చెప్పాను. ఆవిడ వీధంతా చెప్పుకుంది.

నిజం చెప్పొద్దూ, ఆ హాలు నాకు నచ్చింది. బయట ఇసుక, ముళ్ళకంచె, ఇసుక రంగు బళ్ళు. లోపల చల్లటి ఏసీ, బిలియర్డ్స్ బల్లలు, వీడియో గేములు, పాప్‌కార్న్ వాసన, గోడ సగం ఆక్రమించిన ఒక టీవీ. ఆ టీవీలో వాళ్ళ సైన్యం ఛానల్ వచ్చేది. దాంట్లో సబ్బులకీ నగలకీ ప్రకటనలు ఉండవు. వాటి బదులు "నీళ్ళు బాగా తాగండి", "సాక్సులు పొడిగా ఉంచుకోండి", "ఇంటికి ఫోన్ చేశారా?" అని అడుగుతుంటారు. నాకైతే అది సైన్యం ఛానల్‌లా కాక మా అమ్మ నడుపుతున్న ఛానల్‌లా అనిపించేది. అరవై కేజీల బరువు మోసుకుంటూ పరిగెత్తే మగవాళ్ళు, రిమోట్ కోసం మాత్రం చిన్నపిల్లల్లా తగువులాడుకుని నా దగ్గరికి తీర్పుకి వచ్చేవాళ్ళు. వాళ్ళందరిలో పెద్ద గొంతు ఒక సార్జెంటుది. మేం ఆయనకి 'ఉరుము' అని పేరు పెట్టుకున్నాం. ఆయన 'గుడ్ మార్నింగ్' అంటే పాప్‌కార్న్ డబ్బాలు కదిలేవి.

చిక్కంతా టీవీలతో వచ్చింది. నేను చేరిన నెలకే, గేములో ఓడిపోయిన ఒక కుర్ర సైనికుడు చేతిలోది విసిరేస్తే మొదటి టీవీ పగిలిపోయింది. రెండోది ఇసుక తుఫాను రోజున ఎందుకో పొగ వదిలి ఆగిపోయింది. మూడోది వచ్చినప్పుడు, ఆ హాలుకి పైఅధికారిణి (మేం ఆఫీసరమ్మ అనేవాళ్ళం) నా కౌంటర్ దగ్గరికి వచ్చి ఎంతో మర్యాదగా చెప్పింది: "ఇది కూడా పోతే, ఇక్కడ మనిషిని మార్చడం తప్ప నాకు వేరే దారి ఉండదు." మర్యాదగా చెప్పే మాటలకి నేను మామూలుగా కంటే రెట్టింపు భయపడతాను. పైగా ఈ ఉద్యోగం కోసం, మావారి మీదున్న నా ఇఖామాను, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డుని, కంపెనీ మీదికి మార్పించుకున్నాం. టీవీ పోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే ఇఖామా పోతుంది, ఇఖామా పోతే మావారిని ఇక్కడ వదిలేసి నేను విజయవాడ వెళ్ళిపోవాలి. అంటే నా కాపురం మొత్తం ఆ టీవీకి వేలాడుతోందన్నమాట.

హాలు ఊడ్చే పెద్దక్కకి ఈ బాధ చెప్పుకున్నాను. ఆమెది రాయచోటి వైపు. పదేళ్ళు అరబ్బుల ఇళ్ళలో పనిచేసి, ఇల్లుగలావిడని 'మామా' అని పిలిచే అలవాటు పోక, ఆఫీసరమ్మని కూడా 'మామా' అనే పిలిచేది. (ఆఫీసరమ్మ అదేదో గౌరవ పదం అనుకుని తల ఊపేది.) పెద్దక్క చీపురు గోడకి ఆనించి, టీవీని పైకీ కిందికీ చూసి తేల్చేసింది.

"ఇంత పెద్ద టీవీ, ఇంతమంది మొగోళ్ళు రెప్పెయ్యకుండా చూస్తాండారు. దిష్టి తగలకుండా యాడికి పోతాది పాపా?"

"అక్కా, నేను ఎలక్ట్రానిక్స్ చదివాను."

"సదివితే సదివినావులే. మరి రెండు టీవీలు ఎట్ల పాయె చెప్పు?"

నాలుగేళ్ళ చదువులో ఆ ప్రశ్నకి జవాబు దొరకలేదు. "గుమ్మడికాయ కడితే ఇంగా మంచిది గానీ, గేటు కాడ దాన్ని చూసి ఏమనుకుంటారో. టెంకాయ అయితే సద్దిగిన్నెతో పాటు వచ్చేస్తాది" అంది. మర్నాడు టెంకాయ తనే తెచ్చింది. ఎర్ర రవికె ముక్క కూడా తనదే. పసుపు, కుంకుమ, ఒక రూపాయి బిళ్ళ నావి. (నా పర్సులో రూపాయి బిళ్ళ ఎందుకుందంటారా? విమానం ఎక్కేటప్పుడు మా అమ్మ పెట్టింది. మా ఇంట్లో భయం వారసత్వం.) హాలు తెరవకముందే మూట కట్టి టీవీ వెనక మేకుకి వేలాడదీశాం. ముడి జారుతోంది. అక్కడ నా ఇంజనీరింగ్ పనికొచ్చింది. పాత టీవీ తాలూకు నల్ల వైరు ముక్క ఉంటే, దాంతో మూటని నాలుగు చుట్లు బిగించి కట్టి, మిగిలిన రెండు కొసల్నీ అలాగే కిందికి వదిలేశాను. దూరం నిలబడి చూసుకుని, గట్టి పని చేశానని మురిసిపోయాను కూడా.

రెండు వారాలు టీవీకి ఏమీ కాలేదు. ఒక మధ్యాహ్నం, కోడిగుడ్డు ఆకారంలో బంతి పట్టుకుని పరిగెత్తే వాళ్ళ ఆట వస్తోంది. నిజానికి ఆట ముందురోజే అయిపోయింది. వాళ్ళ దేశంలో పగలు మనకి రాత్రి కాబట్టి, మర్నాడు తిరిగి వేస్తారు. ఫలితం ముందే తెలుసుకున్నవాడు హాల్లోకి రాకూడదని ఉరుము తలుపు మీద కాగితం అంటించాడు. సగం ఆట అయ్యేసరికి ఆయన జట్టు బాగా ముందుంది. విరామంలో శబ్దం సరిగా రావడం లేదని ఆయనే లేచి టీవీ వెనక్కి వంగాడు. ఎర్ర మూట, చుట్టూ నల్ల వైరు, వేలాడుతున్న కొసలు. ఆ తర్వాత మీకు తెలుసు.

రెండు నిమిషాల్లో అందరం బయట ఉన్నాం. సెప్టెంబరు ఎండ. వందమంది సైనికులు పాప్‌కార్న్ డబ్బాలతో సహా ఇసుకలో నిలబడ్డారు. బాంబులు తీసేసే మనిషి వచ్చాడు. బొంతలు కుట్టినంత మందాన దుస్తులు వేసుకుంటున్నాడు. ఒకరు కాళ్ళకి, ఒకరు చేతులకి, ఇంకొకరు నెత్తికి తొడుగుతున్నారు. ఆ ఎండలో ఆ మనిషి ముఖం నుంచి చెమట ధారగా కారుతోంది. నేనేమో లెక్కలు వేసుకుంటున్నాను. చెప్తే గేటు పాసు లాక్కుంటారు. చెప్పకపోతే? ఎలాగూ లోపలికెళ్ళి కొబ్బరికాయని చూసి నవ్వుకుంటారు, ఎవరు కట్టారో ఎవరికి తెలుస్తుంది? పెద్దక్క నా చెయ్యి గిల్లింది. "గమ్మునుండు పాపా, మనమేం ఎరగం." సరిగ్గా అప్పుడే ఆ మనిషికి హెల్మెట్ పెట్టబోయారు. అతను ఆగమని, జేబులోంచి ఏదో ఫోటో తీసి ఒక్కసారి చూసుకుని, మళ్ళీ లోపల పెట్టేసుకున్నాడు. ఎవరి ఫోటోనో నాకు కనిపించలేదు. కొబ్బరికాయ కోసం ఒక మనిషి ఫోటో చూసుకుంటుంటే ఇక నిలబడలేకపోయాను. పరిగెత్తుకెళ్ళి ఆఫీసరమ్మ ముందు ఆగాను.

"మేడమ్, అది కొబ్బరికాయ. నేనే కట్టాను."

ఆవిడ నా వైపు తిరిగింది. "లోపల ఏముంది?"

"కొబ్బరి, మేడమ్."

"దాని లోపల?"

"నీళ్ళు, మేడమ్."

"వైరు ఎందుకు?"

"ముడి జారుతోందని."

ఆవిడ జేబులోంచి చిన్న పుస్తకం తీసింది. "ఆ వస్తువు దేనికి ఉపయోగపడుతుంది?"

"టీవీని కాపాడటానికి."

"ఎవరి నుంచి?"

నేను చుట్టూ చూశాను. పాప్‌కార్న్ నమలడం ఆపేసి వందమంది నన్నే చూస్తున్నారు. "మీ అందరి నుంచి, మేడమ్" అన్నాను.

"ఎలా పనిచేస్తుంది?"

"తెలియదు మేడమ్. నేను ఎలక్ట్రానిక్స్ చదివాను."

ఇంతలో పెద్దక్క గుంపుని తోసుకుంటూ వచ్చింది. గమ్మునుండమన్న మనిషే ఇప్పుడు రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడి, "మామా, టెంకాయ నాది, రవిక గుడ్డ నాది. ఆ పాప ఉత్త ముడేసింది. పంపిస్తే నన్ను పంపియ్యి" అని తెలుగులోనే మొదలుపెట్టింది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చాల్సింది ముద్దాయినైన నేనే. 'పంపిస్తే నన్ను పంపియ్యి' దగ్గరికొచ్చేసరికి ఆ ఒక్క ముక్క మార్చకుండా వదిలేశాను. ఆఫీసరమ్మకి అర్థమైనట్టే ఉంది, మళ్ళీ అడగలేదు. నియమం నియమమే కాబట్టి ఆ బరువు దుస్తుల మనిషి లోపలికి వెళ్ళాడు. కాసేపటికి హెల్మెట్ చంకలో, టెంకాయ చేతిలో పెట్టుకుని బయటికి వచ్చాడు. చెవి దగ్గర ఊపి చూసి "నీళ్ళే" అన్నాడు. చప్పట్లు మోగాయి. నా గేటు పాసు మాత్రం ఆఫీసరమ్మ జేబులోకి వెళ్ళింది.

మూడు రోజులు ఇంట్లో కూర్చున్నాను. పెట్టె సగం సర్దేశాను. మావారు పైకి ఆటపట్టిస్తూనే ఉన్నారు. "ఏమోయ్, ఇంట్లో పేలేవి ఇంకేమన్నా ఉన్నాయా, తాలింపు కాకుండా?" అనీ, చట్నీకి కొబ్బరి తురుముతుంటే "సాక్ష్యాలు మాయం చేస్తున్నావా?" అనీ. కానీ నేను పెట్టెలో పెట్టిన చీరల్ని నేను చూడనప్పుడు తీసి మళ్ళీ బీరువాలో పెట్టేస్తున్నారని రెండో రోజే కనిపెట్టాను. నేనూ చూడనట్టే ఊరుకుని, మళ్ళీ సర్దాను. ఆయన మళ్ళీ తీశారు.

నాలుగో రోజు రమ్మని పిలుపు వచ్చింది. బస్సులో సులైబియా దాటుతున్నంతసేపూ, వీడ్కోలు మాటలు ఇంగ్లీషులో కూర్చుకున్నాను. ఆఫీసరమ్మ గదిలో ఉరుము, ఇంకో నలుగురు సైనికులు నిలబడి ఉన్నారు. నా మీద సాక్ష్యం చెప్పడానికేమో అనుకున్నాను. విషయం అది కాదు. ఆ రోజు టెంకాయ తీసేశాక తిరిగి ఆట మొదలైతే, అప్పటిదాకా ముందున్న వాళ్ళ జట్టు చిత్తుగా ఓడిపోయిందట. టెంకాయని మళ్ళీ కట్టించాలని అర్జీ పెట్టుకున్నారు!

ఉండబట్టలేక అడిగాను. "సార్, ఆ ఆట ముందురోజే అయిపోయింది కదా?"

ఉరుము మొదటిసారి నెమ్మదిగా మాట్లాడాడు. "అయితే ఏంటి?"

ఆఫీసరమ్మ ఒక్కసారి కళ్ళు మూసుకుని, డ్రాయర్లోంచి నా గేటు పాసు తీసి, దాని మీద ఒక కాగితం పెట్టి నా వైపు తోసింది. హాలు సామాను జాబితా అది. బిలియర్డ్స్ బల్లలు, కుర్చీలు, రిమోట్ల కింద ఆవిడ చేతిరాతతో ఒక వరుస కొత్తగా చేరింది: 'కొబ్బరికాయ, ఒకటి. టీవీ రక్షణ కొరకు.' వైరు వాడకూడదు, పక్కనే 'ఇది కొబ్బరికాయ' అని చీటీ ఉండాలి. ఈ రెండే షరతులు. బయట తలుపు దగ్గర పెద్దక్క ఎదురుచూస్తోంది. సంగతి చెప్తే, "నేను చెప్తే నువ్వు నమ్మలే, వాళ్ళు నమ్మినారు చూడు" అని ఎత్తిపొడిచి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పాప కడుపులో పడి నేను ఉద్యోగం మానేసేదాకా ఆ టీవీకి ఏమీ కాలేదు. ఎందుకు కాలేదని నన్నడగకండి.

ఇదంతా ఇన్నేళ్ళకి, సాల్మియా ఫ్లాట్‌లో పిల్లలు పడుకున్నాక కూర్చుని ఎందుకు రాస్తున్నానంటే, మా ఇంట్లోనూ ఇప్పుడు మూడో టీవీ. మొదటిది బంతికీ, రెండోది రిమోట్‌కీ బలైపోయాయి. పోయిన వారం ఎవరూ చూడకుండా ఎర్ర మూట కట్టాను. (ఈసారి నూలుదారంతో. మనిషన్నాక కొంచెమన్నా నేర్చుకుంటుంది.) ఈ సాయంత్రం మా నాలుగేళ్ళవాడు బంతి కోసం టీవీ వెనక్కి దూరి, అచ్చం ఉరుములాగే, మాట లేకుండా, ఒక్కో అడుగే వెనక్కి వేసుకుంటూ వచ్చాడు. "అమ్మా, అక్కడ ఎర్రది ఏదో ఉంది." వాడి అక్క కూడా వంగి చూసి నా ముఖంలోకి చూసింది. నేనేమో "ఏం లేదు, పోయి అన్నం తినండి" అనేశాను. వాడు భయపడి హాల్లోకి రానని, పక్క గది గుమ్మంలో నిలబడే అన్నం తిన్నాడు. ఇరవై మూడేళ్ళప్పుడు, కాపురం పణంగా పెట్టి వందమంది ముందు నిజం చెప్పిన ఆ పిల్ల, ఇద్దరు పసివాళ్ళ ముందు ఎందుకు నోరు మూసుకుందో తెలియదు. ఆ పిల్ల నాకంటే ధైర్యస్తురాలు. ఒకసారి కనిపిస్తే బాగుండు, ఆ వైరు కొసలు లోపలికి మడవమని చెప్పి, టీ పెట్టి ఇచ్చేదాన్ని.

రాత్రి అక్కడిదాకా రాసి పడుకున్నాను. పొద్దున స్కూలు బస్సు రాకముందే మూట విప్పి, టెంకాయ తీసి వాడి చేతిలో పెట్టాను. చెవి దగ్గర ఊపి చూడమన్నాను. "నీళ్ళే!" అన్నాడు వాడు, కళ్ళు ఇంత చేసుకుని. "ఇది కొబ్బరికాయ. నేనే కట్టాను. టీవీని కాపాడుతుందని" అన్నాను.

"ఎవరి నుంచి?" అంది కూతురు, బూట్ల లేసులు కట్టుకుంటూ.

"మీ ఇద్దరి నుంచే" అన్నాను.