గీతలమ్మ తేదీలు

రైలు పట్టాల వెంట నడుస్తూ పగుళ్లు వెతకడం ఆమె ఉద్యోగం. పంతొమ్మిదేళ్లుగా అదే పని కాబట్టి అందరూ గీతలమ్మ అంటారు. "నా మొహం మీద ముడతలు కూడా కొలుస్తావేమోనే" అని మొగుడు ఆటపట్టిస్తే, "నీ ముడతలు పెరిగితే ఎవరూ చావర్లే" అంటుంది.

పట్టా మీద కిరసనాయిలు రుద్ది, తుడిచి, సుద్దపొడి చల్లాలి. పగులుంటే అందులో దాక్కున్న నూనె పైకి ఊరి నల్లగీతగా తేలుతుంది. ఆ గీత చివర్లకు తిన్నగా పట్టా పక్కన పసుపు రంగుతో గుర్తులు పెట్టి, తేదీ, పొడవు రాయాలి. వారం వారం కొలిస్తే పగులు పాకుతోందో లేదో తెలుస్తుంది.

వంపు దగ్గరి పగులు మూడు వారాల్లో పన్నెండు మిల్లీమీటర్ల నుంచి పంతొమ్మిదికి పాకింది. బళ్ల వేగం తగ్గించమని మేస్త్రీకి రెండుసార్లు చెప్పింది. "చూద్దాంలేమ్మా" అన్నాడాయన.

ఇవాళ పెద్ద అధికారి తనిఖీ. ఆమె వచ్చేసరికి వంపు తళతళలాడుతోంది. గుర్తుల్లేవు, తేదీల్లేవు.

"ఎవరు తుడిచారు?"

"నేనే తుడిపించా" అన్నాడు మేస్త్రీ. "మచ్చలు చూస్తే అయ్యగారు సవాలక్ష అడుగుతారు. ఇవాళ్టి తేదీతో మళ్లీ రాసుకో."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఇవాళ్టి తేదీ వేస్తే కొత్త పగులవుతుంది. కొత్తదైతే నెల రోజులు గమనించమంటారు. ఆ నెలంతా నిండు బళ్లు దాని మీద దూసుకుపోవాలి! ఇల్లు అంటుకుంటే పొగ కనబడకుండా కిటికీలు మూసే రకం ఈ మనిషి.

తనిఖీ బండి కూత వినబడింది. ఆమె ఎర్రజెండా పట్టుకుని పట్టాల మధ్య నిలబడింది.

"నా కొంప ముంచకమ్మా!" అని మేస్త్రీ గోలపెట్టాడు.

బండి ఆగింది. అధికారి చిటపటలాడుతూ దిగాడు. ఆమె నూనె రుద్ది, తుడిచి, సుద్ద చల్లింది. గీత తేలింది. స్కేలు పెడితే ఇరవై ఒకటి.

"ఎప్పట్నుంచి ఉందిది?"

"ఇవాళే కనబడిందండీ" అన్నాడు మేస్త్రీ, సిగ్గులేకుండా.

మేస్త్రీ సంగతి ఆమెకు కొత్తా? కొలిచిన ప్రతిసారీ ఆ సుద్దగీత మీద టేపు అంటించి, ఊడదీసి, నోటుబుక్కులో అతికించుకుంది. నాలుగు గీతలు, నాలుగు తేదీలు. ఆమె ఆ పేజీ తెరిచి చూపిస్తే అధికారి చూశాడు. బండిని మెల్లగా దాటించమని చెప్పి, తాను మాత్రం ఎక్కకుండా నడక మొదలుపెట్టాడు.

"సాయంత్రం బండిలో వాళ్లని కూడా ఇక్కడ దిగి నడవమంటారా అయ్యా?"

ఆయన ఆగాడు. తలెత్తకుండా అక్కడే వేగం తగ్గించే ఉత్తర్వు రాశాడు.

ఆమె రంగు డబ్బా మేస్త్రీ చేతిలో పెట్టింది.

"కూర్చోండి. మొదటి తేదీ నుంచి రాయండి. నేను చెప్తాను."